పంతులమ్మ పలుకులు: పాఠము మాఱినప్పుడు



వేసవి సెలవులు ముగిసి బడులు తెఱచిన నెల దినములలోపల, ఒకటవ తరగతి పిల్లల తల్లులు మాబోటి పంతులమ్మలను తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "మా వాడికి ఇంకా అఆలు దిద్దించలేదేమండీ? రోజూ పాటలు పాడుతున్నాడు, బొమ్మలు గీస్తున్నాడు, చింతగింజలు లెక్కపెడుతున్నాడు. చదువు ఎప్పుడు మొదలుపెడతారు?" అని. కొందఱు మొగమాటముచేత అడుగరు గాని, సాయంకాలము ఇంటివద్ద తామే పలక ముందుంచుకొని పిల్లవాని చేయి పట్టి దిద్దింతురు. మఱికొందఱు అడుగుటయు లేదు, దిద్దించుటయు లేదు. మఱుసటి సంవత్సరము బిడ్డను వేఱొక బడిలో చేర్పింతురు.

ఈ ప్రశ్న న్యాయమైనది. మీరు నేర్చిన చదువొక తీరు, మీ బిడ్డకు చెప్పుచున్న చదువు మఱియొక తీరు. ఏల మార్చిరో మీతో ఎవ్వరును చెప్పరు. నిజము చెప్పవలసివచ్చినచో, మార్పు వచ్చిన ప్రతి పర్యాయమును పంతులమ్మలకు సయితము ఏమి మాఱెనో చెప్పుదురు గాని ఏల మాఱెనో చెప్పుట అరుదు. ఆ "ఏల" అనుదానిని గుఱించియే ఈ మాసమున వ్రాయదలచితిని.

మొదట అక్షరముల సంగతి చూతము. మన లిపిలో అచ్చులును హల్లులును కలిసి ఏబది దాటును. ఒక్కొక్క హల్లునకు గుణింతములో పదునైదు పదియాఱు రూపములు. అన్నియు కలిపిన ఐదువందలకు మించును. పిదప వత్తులు. వానిలో త, న, మ, య, ర, ల అను అక్షరముల వత్తులకు తమ తల్లి యక్షరములతో పోలికయే యుండదు. మఱి ద, డ, ప, వ, బ, భ అనునవి అక్కచెల్లెండ్రవలె నొకదానినొకటి పోలియుండి పసివాని కన్నులను మోసపుచ్చును. ఇట్టి లిపిని మన పూర్వులు అ మొదలుకొని క్ష వఱకు వరుసగా దిద్దించి, ఆపైన గుణింతములు, ఆపైన వత్తులు, అటుతరువాత గాని మాటలకు రారైరి. పిల్లవాడు ఙ, ఞ అను నక్షరములను గూడ చేయి నొచ్చునట్లు దిద్దును. వానితో కూడిన మాట యొక్కటియు వాని నోట ఎన్నడును రాదు. నెలలకొలది దిద్దిన పిదప గాని, ఈ గీతలకును తాను మాటలాడు భాషకును సంబంధము కలదని వానికి తెలియదు. ఓపిక గలవాడు నిలిచెను. లేనివాడు పలక గట్టుమీద పెట్టి గొడ్లను కాయబోయెను. నిలిచినవారమే మనము గనుక ఆ పద్ధతి మంచిదని మనకు తోచును. వెళ్లిపోయినవారు వచ్చి సాక్ష్యము చెప్పరు గదా!

ఈ చిక్కును చూచియే, పిల్లవానికి తెలిసిన చిన్న మాటలతో ప్రారంభించు పద్ధతి వచ్చినది. తల, వల, పలక, కల అను మాటలను బొమ్మతో చూపి, చదివించి, అందుండి త, ల, వ, ప, క అను నక్షరములను విడదీసి, వానితోనే మఱల క్రొత్తమాటలు కూర్పించుట ఇందలి క్రమము. ఐదు అక్షరములు వచ్చిన బిడ్డ పది మాటలు చదువును. చదివిన ప్రతి మాటకును అర్థము కలదు. ఇందును లోపము లేకపోలేదు. కొన్నిచోట్ల అక్షరములను విడదీయుట మఱచి బొమ్మను చూచి మాటను ఊహించుటయే చదువని పిల్లలకు అలవాటైనది. అట్టివాడు బొమ్మ లేని పుట వచ్చినచో నిలిచిపోవును. 2022వ సంవత్సరమున మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకై వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము, అక్షరములను గుఱుతించుటయు అర్థమును గ్రహించుటయు రెండును కలిసి నడువవలయునని చెప్పుచున్నది. ఇది నాకు సమ్మతమైన మాట. గుణింతమును వెలివేయనక్కఱలేదు; దానిని మొదటి మెట్టు చేయరాదు, అంతే.

మఱి పాటలెందుకు? పలక అను మాటలో ప, ల, క అని మూడు ముక్కలు కలవని కన్నుకంటె ముందు చెవికి తెలియవలయును. చప్పట్లు చఱచుచు మాటలను విఱిచి పలుకుటయు, పిల్లి, పిలుపు, పిడికిలి అను మాటలన్నియు ఒకే శబ్దముతో మొదలగుచున్నవని కనిపెట్టుటయు ఆట కాదు, చదువునకు పునాది. చెవి సిద్ధపడని బిడ్డకు ఎన్ని నెలలు దిద్దించినను అది చేతికి శ్రమయే గాని చదువు కాదు. చింతగింజల సంగతికి తరువాత వత్తును.

ఇక పాఠ్యప్రణాళికలు మాఱిన తీరును గుఱించి. ముప్పదియేండ్లకు పైగా బడిలో నున్న యే పంతులమ్మనైనను అడిగిచూడుడు. ఆమె చేతిమీదుగా ఎన్ని పుస్తకములు, ఎన్ని పేర్లు గడచినవో వ్రేళ్లమీద లెక్కించి చెప్పును. 1986లో జాతీయ విద్యావిధానము వచ్చినది. ఆ మఱుసటి యేడు బడికొక నల్లబల్లయు, రెండు గదులును, ఇద్దఱు ఉపాధ్యాయులును కనీసముగా నుండవలయునని వేఱొక పథకము వచ్చినది. 1993లో యశ్‌పాల్ గారి సంఘము పిల్లల పుస్తకముల బరువును గుఱించి కన్నీటితో వ్రాసినట్టి నివేదిక నిచ్చినది. 2005లో జాతీయ చట్రము, 2009లో విద్యాహక్కు చట్టము, 2011లో అప్పటి ఉమ్మడి రాష్ట్రపు చట్రమును దానినిబట్టి క్రొత్త పుస్తకములు, 2014లో రాష్ట్రమే రెండగుట, 2020లో మఱల జాతీయ విద్యావిధానము, 2021 జూలైలో నిపుణ్ భారత్ అను కార్యక్రమము. ఇన్నిటిని చదువుటకే మీకు విసుగు పుట్టినచో, ఆచరణలో పెట్టవలసిన మా సంగతి యూహింపుడు.

వీనిలో నొకదానిని మాత్రము నిలిచి చూడవలయును. 1980ల దశకమున బ్రిటిషు ప్రభుత్వ ధనసాహాయ్యముతో మొదలై 1996 వఱకు నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకమది. అప్పెప్ అని పిలిచెడివారము. అది ఆఱు సూత్రములను చెప్పెను. ఉపాధ్యాయుడు తానే పిల్లలకు తగిన కృత్యములను కల్పింపవలయును. పిల్లలు చేయుచు నేర్వవలయును. ఒంటరిగను, జట్లుగను, తరగతి యంతయు కలిసియు పనిచేయవలయును. బిడ్డకును బిడ్డకును గల భేదమును గమనింపవలయును. చుట్టుపట్ల నున్న పరిసరములనే పాఠమునకు వాడుకొనవలయును. పిల్లలు చేసినవానిని గోడలకు అమర్చి గదిని ముచ్చటగా నుంచవలయును. ఈ సూత్రములలో నొక్కటియైన పాతబడినదా? 2022 నాటి చట్రమును తెఱచిచూచిన, భాష మాఱెను గాని ఈ యాఱును అందు కానవచ్చుచున్నవి. అనగా మంచి మాట మనకు తెలియక కాదు. తెలిసిన మాట గది గుమ్మము దాటి పలక వఱకు రాకపోవుటయే జబ్బు.

ఏల రాదందురా? గోదావరి కాలువ క్రింద వ్యవసాయము చేయు ఇండ్లవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. తలవాకిట నీరు పుష్కలముగా నుండును. శివారు భూములకు చేరునప్పటికి కాలువలో బురద మిగులును. మా శిక్షణలును అట్లే. రాజధానిలో కొందఱికి నేర్పుదురు. వారు వచ్చి జిల్లాలో కొందఱికి చెప్పుదురు. జిల్లావారు మండలమున చెప్పుదురు. అక్కడ చివరివరుస కుర్చీలలో మేముందుము. పిల్లలకు ఉపన్యాసములు చెప్పరాదని మాకు మూడు గంటలసేపు ఉపన్యాసము జరుగును. సంతకములు, భోజనము, తిరుగు బస్సు. చెప్పువారి దోషమని నేననను. వారికిని అంతే అందినది.

ఇప్పుడు చేతిలో ఫోనులు వచ్చినవి. 2017లో దీక్షా అను వేదికయు, 2019లో నిష్ఠ అను శిక్షణయు ప్రారంభమైనవి. ప్రతి యుపాధ్యాయుడును ఏటేట ఏబది గంటలకు తక్కువ కాకుండ వృత్తివిషయమున నేర్చుకొనవలయునని 2020 విధానము చెప్పినది. ఊహ మంచిదే. శివారు చేనికి తలవాకిటి నీరే నేరుగ వచ్చినట్లు, చెప్పువాని మాట మధ్యవర్తులు లేక మాకు చేరుచున్నది. అయినను ఆడువారి ఏబది గంటలు ఎక్కడినుండి వచ్చునో ఆలోచించినవారు తక్కువ. పొయ్యిగట్టున ఫోనును ఆనించి, ఒక చెవి కుక్కరు కూతకును, ఒక చెవి పాఠమునకును ఇచ్చి, చివర ప్రశ్నలకు సమాధానములు నొక్కి ధ్రువపత్రము తీసికొన్న సోదరీమణులు నాకు చాలమంది తెలియును. గంటలు నిండినవి. నేర్చుకొన్నదెంత యన్న, అది ఎవరికి వారే చెప్పుకొనవలయును.

కాబట్టి పంతులమ్మ నిజముగా ఎక్కడ నేర్చుకొనును? నేను చూచిన దొకటి చెప్పెదను.

నాలుగవ తరగతికి వేఱొక ఊరినుండి వచ్చి చేరిన బాలిక యొకతె యుండెను. పాఠము చదువుమనిన లేచి నిలిచి, పుస్తకము పట్టుకొని, వ్రేలు పెట్టి, గంట కొట్టినట్లు చదివెడిది. ఒకనాడు ఆ వ్రేలు ఒక పంక్తిమీదను, నోరు వేఱొక పంక్తిమీదను ఉండుట కంటబడినది. ఒక అట్టముక్కతో పంక్తిని కప్పి, చివరి మాట నొక్కదానిని చూపి యడిగితిని. ఆ పిల్ల మాటలాడలేదు. కన్నీరు సయితము పెట్టలేదు. ఈ దినము వచ్చునని ఎఱిగియున్న దానివలె నేలచూపు చూచెను. పాఠములన్నియు తోడిపిల్లలు చదువగా విని కంఠస్థము చేసినది! ఎంత జ్ఞాపకశక్తి, ఎంత భయము! ఇంటివద్ద ఈ పిల్లయే తల్లి యమ్ము పాలకు లీటర్ల లెక్కయు, బాకీల లెక్కయు తప్పుపోకుండ చెప్పును. మందమతి యని ఎట్లందుము?

మూడవ తరగతి దాటిన పిదప చదువరాని బిడ్డకు జరుగు కష్టము ఇట్టిది. అంతవఱకు చదువుట నేర్తురు. అక్కడినుండి చదివి నేర్వవలసియుండును. లెక్కల పుస్తకములోని ప్రశ్నయు, పరిసరముల విజ్ఞానమును, అన్నియు తలుపు మూసికొనును. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుటయు వ్రాయుటయు చిన్న లెక్కలును రావలయునని, అది 2026–27 నాటికి నెరవేఱవలయునని నిపుణ్ కార్యక్రమము పెట్టుకొన్న గుఱి ఇందువలననే.

ఆ గుఱిలో నొక చిన్న చిక్కు. మూడవ తరగతి బిడ్డ నిమిషమునకు కనీసము అఱువది మాటలు చదువవలయునని దేశమంతటికి నొక కొలత పెట్టిరి. ఇంగ్లీషులో నాలుగైదు ముక్కలుగా వ్రాయు సంగతిని మనము "పుస్తకములోనున్నదని" అని యొక్క మాటగా అతికి వ్రాయుదుము. అఱువది తెలుగు మాటలు చదువుటయు అఱువది ఇంగ్లీషు మాటలు చదువుటయు నొకటి కాదు. గడియారము పట్టుకొని బిడ్డను పరుగెత్తించు తల్లులు ఈ సంగతి గమనింపవలయును. తడబడకుండ, అర్థము తెలిసి, తాను మాటలాడు వేగముతో చదివినచో చాలును.

మఱల ఆ బాలిక యొద్దకు వత్తము. మా బడిలో చిన్న తరగతులను చిరకాలముగా చూచుచున్న పెద్దావిడ యొకరుండిరి. అందఱమును అక్కయ్యా యని పిలిచెడివారము. మధ్యాహ్న భోజనము తరువాత వరండాలో ఆమెతో ఈ సంగతి చెప్పగా, "దాన్ని చదవమనకమ్మా. అది చెప్పిందే రాసి దానికి చూపించు" అనిరి. అంతియే. మఱుసటినాడు పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇంటి కబుర్లు అడుగగా, తమ గేదె ఈనిన సంగతి చెప్పినది. "మా గేదె ఈనింది. దూడ ఆడదూడ. అమ్మ జున్ను కాచింది. పాలు ఇంకా అమ్మలేదు." ఈ నాలుగు వాక్యములను పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చితిని. తాను చెప్పిన మాటలు గనుక తడబడక చదివెను. ఇది కంఠస్థమే గదా యని మీరనవచ్చును. ఔను, కాని ఇప్పుడు ఏ మాట ఎక్కడ నున్నదో వెదకుట సాధ్యమైనది. గేదెలో దె, దూడలో దూ, రెంటను ఒకటే అక్షరమని ఆ పిల్ల తానే కనిపెట్టెను. దూడలో ద, డ రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. ఆ రెంటికి గల భేదము ఆనాడు తేలిపోయెను. జున్నులోని వత్తు అమ్మలోని వత్తు కాదని మఱి రెండు దినములకు తెలిసెను. మాటలను కత్తెరతో కత్తిరించి, కలిపి, క్రొత్త వాక్యములు చేయుట మొదలిడితిమి. "అమ్మ దూడ కాచింది" అని కూర్చి తానే నవ్వినది. ఆ నవ్వు వినినప్పుడు, చదివినదానికి అర్థము చూచుకొనుచున్నదని నాకు ధైర్యము కలిగెను.

దసరా ముందు మొదలిడినది సంక్రాంతికి చిన్న కథ నొకదానిని ఆగి ఆగి చదువగలిగెను. వేసవి వచ్చుసరికిని సంయుక్తాక్షరములు రెండు వరుసగా వచ్చినచో మాటను మింగివేయుట మానలేదు. ఇది అద్భుతమేమియు కాదు. ప్రతిదినము ఇరువది నిమిషముల పని.

న్యూజీలాండు దేశమున సిల్వియా యాష్టన్-వార్నర్ అను నుపాధ్యాయురాలు మావోరీ పిల్లలకు వారి నోట వచ్చిన మాటలతోనే చదువు చెప్పి, 1963లో "టీచర్" అను గ్రంథమును ప్రకటించి లోకప్రసిద్ధి నొందెను. మా అక్కయ్యగారు ఆ గ్రంథమును చూడలేదు, ఆ పేరు వినలేదు. పిల్లలను చూచి చూచి ఆమెయు అచ్చటికే చేరిరి. ఆమె పదవీవిరమణ చేసిన నాడు శాలువ కప్పితిమి, పండ్లబుట్ట ఇచ్చితిమి. ఆమెకు తెలిసినదానిని వ్రాసి యుంచుకొనువారు మాత్రము లేకపోయిరి. ఏటేట మన బడులనుండి ఇట్టి విద్య ఎంత వెడలిపోవుచున్నదో!

నేర్పువాడు ముందు నేర్వవలయుననుటకు మన తెలుగుదేశమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారికంటె గొప్ప నిదర్శనము నాకు కనబడదు. 1863లో జన్మించి 1940లో గతించిన ఈ మహనీయుడు పర్లాకిమిడిలో నుపాధ్యాయుడు. ఆ కొండలలోని సవరలకు చదువు చెప్పవలయునని తలచి, పుస్తకమును పట్టుకొని వారియొద్దకు పోలేదు. వారి భాషను తాను మొదట నేర్చెను. లిపి లేని ఆ భాషకు పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించి, వారి మాటలతోనే వారికి చదువు చెప్పించెను. సవరభాషను గుఱించి ఆయన ఇంగ్లీషున వ్రాసిన వ్యాకరణగ్రంథము 1931లో అచ్చైనది. తెలుగు పిల్లలకును వారు మాటలాడు తెలుగులోనే పాఠము లుండవలయునని ఆయన పోరాడిన సంగతి మీరెఱిగినదే; ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషా దినముగా జరుపుకొనుచున్నాము. గ్రాంథికమున వ్రాయుచు గిడుగువారిని పొగడుచున్నదేమి యని నవ్వు సోదరీమణులు నవ్వుకొందురు గాక. ఈ పుటల అలవాటు వదలలేకున్నాను.

ఇక చింతగింజలు. మా చుట్టుపట్ల బడుల ఉపాధ్యాయులందఱమును స్కూల్ కాంప్లెక్సు సమావేశమున కలిసికొనుట వాడుక. తఱచుగా ఆ దినము పట్టికలు నింపుటతోనే గడచిపోవును. ఒక పర్యాయము మాత్రము ఒక యువతి తన పిల్లల లెక్కల నోటుపుస్తకములను సంచిలో వేసికొనివచ్చి బల్లమీద పఱచినది. ఏబదిరెండులో ఇరువదియేడు తీసివేయుమని యిచ్చిన లెక్క. సగముమంది 25 అని సరిగ చేసిరి. కొందఱు 35 అని వేసిరి. వారు ఏడులోనుండి రెండు, ఐదులోనుండి రెండు, అనగా ఏ స్థానమున నైనను పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేసిరని చూడగానే తెలిసెను. నలుగురైదుగురు 15 అని వేసిరి. ఇది ఎట్లు వచ్చెనో మాకు అరగంట బోధపడలేదు. పిల్లవాడు ఏమఱుపాటున వేసినాడని కొట్టివేయుట సులభము. కాని నలుగురైదుగురు ఒకేవిధముగ ఏమఱరు గదా!

తుదకు ఆ చిక్కు విడినది. బడిలో ఇప్పుడు చెప్పునది పదుల కట్టను విప్పు పద్ధతి. ఐదు పదులనుండి ఒక కట్ట విప్పినచో పైన నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు మిగులును. పన్నెండులో ఏడు పోగా ఐదు, నాలుగులో రెండు పోగా రెండు. పెద్దలు కొందఱు ఇంటివద్ద చెప్పునది అప్పు తెచ్చి తీర్చు పద్ధతి. పైన ఒకట్లకు పది చేర్చి, దానికి బదులుగా క్రింద పదులస్థానమున ఒకటి కలుపుదురు. పన్నెండులో ఏడు పోగా ఐదు, ఐదులో మూడు పోగా రెండు. రెండును సరియైనవే. ఆ పిల్లలు బడిలో చెప్పినట్లు పైన ఒకటి తగ్గించిరి, ఇంటిలో చెప్పినట్లు క్రింద ఒకటి పెంచిరి. నాలుగులో మూడు పోగా ఒకటి. పదునైదు! ఇందు తల్లిదోషము లేదు, బడిదోషమును లేదు. పిల్లవాడు ఇరువురి మాటయు విన్నాడు, అదియే వాని నేరము.

ఇంటి పద్ధతి యేల సరియగునో అక్కచెల్లెండ్ర వయస్సులను చూచిన తెలియును. అక్కకును చెల్లెలికిని నేడు ఐదేండ్ల యెడము. పదియేండ్లు గడచినను ఇరువురికిని పది చేరును గనుక ఎడము ఐదేండ్లే. పైనను క్రిందను పది చేర్చినచో భేదము మాఱదు. ఎంత చక్కని యుక్తి! వ్రాతకు వేగమైనది కూడ. ఐనను ఏడేండ్ల బిడ్డకు దీనిని చేతులలో పెట్టి చూపుట కష్టము. కట్ట విప్పుటను ఈనెపుల్లలతో చూపవచ్చును, చింతగింజల పొట్లములతో చూపవచ్చును. బడి ఆ పద్ధతిని ఎన్నుకొనుటకు కారణమిది. ఏడేండ్ల వయస్సున కంటికి కనబడినదే నమ్మకము. కావున సోదరీమణులారా, మొదటి రెండు మూడేండ్లు బడి ఏ దారి పట్టినదో ఆ దారినే ఇంటివద్దను నడువుడు. మీ పద్ధతిని ఐదవ తరగతిలో చెప్పుడు. అప్పుడు బిడ్డ రెంటిని పోల్చి సంతోషించును.

ఆ దినము ఆ బల్లచుట్టు మేము నేర్చినది ఏ ధ్రువపత్రములోను చేరలేదు. ఆ యువతికి ఎవ్వరును సన్మానము చేయలేదు. నన్నడిగినచో, ఏబది గంటలలో పది గంటలైనను ఇట్లు పిల్లల పలకలను ముందు పెట్టుకొని కూర్చుండుటకు విడువవలయునందును. నూఱు పుటల కరదీపిక చేయలేని పనిని ఆ నోటుపుస్తకములు చేసినవి.

మీరు చేయదగినదియు కొంత కలదు. బడిలో ఏదేని క్రొత్తగ కనబడినచో, వాకిటి దగ్గఱ అడుగక, తీరికగా నొకనాడు వచ్చి "ఇది ఎందుకు చేయిస్తున్నారో చెప్పండి" అని పంతులమ్మ నడుగుడు. చెప్పగలిగినచో మీకు తృప్తి; చెప్పలేకపోయినచో ఆమె ఆ రాత్రి ఆలోచించును. రెండును లాభమే. ఇటీవల ఉభయ రాష్ట్రములలో సర్కారు బడుల లెక్కలు మొదలగు పుస్తకములు ఒక ప్రక్క తెలుగు, ఎదుట ప్రక్క ఇంగ్లీషుగా అచ్చగుచున్నవి. ఇంగ్లీషు రాదని వెనుదీయు తల్లి ఆ తెలుగుపుటను చదివి బిడ్డతో మాటలాడవచ్చును. థర్టీన్, థర్టీ అను శబ్దములకు తికమకపడు బిడ్డకు పదమూడు, ముప్పది అని ఒక్క మాట చెప్పిచూడుడు. తెలుగులో ఆ రెండు మాటలకును పోలికయే లేదు.

ఒక సోదరి ఉత్తరము వ్రాసి, ఎక్కములు కంఠస్థము చేయింపవలయునా, ఈ క్రొత్త చదువులో అవి పోయినవా యని అడిగిరి. పోలేదు, పోరాదు. ఎక్కము నోటికి రాని బిడ్డ పెద్ద గుణకారమున అడుగడుగునకు ఆగును. కాని ముందుగా చాపమీద చింతగింజలను ఏడేసి చొప్పున ఎనిమిది వరుసలు పేర్పింపుడు. తరువాత బిడ్డను లేపి చాప ప్రక్కకు వచ్చి నిలువుమనుడు. ఇప్పుడవి ఎనిమిదేసి చొప్పున ఏడు వరుసలు! ఏడెనిమిదులును ఎనిమిదేడులును ఒకటేయని ఎవ్వరును చెప్పనక్కఱలేకయే తెలియును. ఒకటి మొదలు పది వఱకు గల ఎక్కములలో నూఱు ఫలితములుండగా, ఈ సంగతి తెలిసిన బిడ్డ నేర్వవలసినవి ఏబదియైదు మాత్రమే. అందు ఒకటవ యెక్కము, పదవ యెక్కము వానంతట అవియే వచ్చును. మిగిలినవానిని సాయంకాలము దీపము పెట్టిన తరువాత పది నిమిషములు వల్లె వేయింపుడు. పదకొండవ నిమిషమున లేచి ఆడుకొననిండు.

చూచివ్రాత గుఱించి అడిగిన ఇద్దఱు సోదరీమణులకు వచ్చు మాసమున వ్రాసెదను.